రేసు తేదీ ఎవరి సొత్తు? నార్త్ విల్క్స్‌బరో ట్రాక్ మూత వెనుక లెక్క

క్లుప్తంగా: అమెరికాలోని నార్త్ విల్క్స్‌బరో స్పీడ్‌వే 1996 తర్వాత పాతికేళ్లకు పైగా దాదాపు పాడుబడి ఉంది. అభిమానులు మొహం చాటేసినందుకో, అప్పులు పెరిగినందుకో కాదు. సిగరెట్ కంపెనీ స్పాన్సర్‌షిప్‌తో మొదలై టీవీ హక్కులతో పెరిగిన డబ్బు, ట్రాక్ కంటే దాని పేరిట ఉన్న రేసు తేదీకి (కేలండర్‌లో ఏటా దక్కే రేసు చోటుకు) ఎక్కువ విలువ తెచ్చింది. ఆ తేదీల కోసమే ఇద్దరు వ్యాపారులు ట్రాక్‌ను చెరి సగం కొన్నారు. 2022లో అది మళ్లీ తెరుచుకోవడం వెనుక ఉన్నదీ అదే లెక్క, ఈసారి తిరగబడి.

అమెరికా స్టాక్ కార్ రేసుల్లో అగ్రశ్రేణి అయిన నాస్కార్ కప్ సిరీస్ తన 2026 కేలండర్‌లో జూలై నెలకు ఒక పాత పేరును చేర్చింది. ఉత్తర కరోలినా రాష్ట్రం విల్క్స్ కౌంటీలోని నార్త్ విల్క్స్‌బరో ట్రాక్‌కు కప్ పాయింట్ల రేసు (సీజన్ టైటిల్‌కు లెక్కలోకి వచ్చే రేసు) దక్కడం ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి. మధ్యలో కొన్నేళ్లు ఆ ట్రాక్ గోడల సందుల్లో చెట్లు మొలిచాయి, కప్పులు కూలాయి. నాస్కార్‌ను కొత్తగా చూస్తున్న వారికి ఇది అంతుపట్టదు. ఆదరణ ఉన్న ట్రాక్ ఎందుకు మూతపడింది? మూతపడినది ఎందుకు తెరుచుకుంది? క్రీడ మీద ప్రేమ, నిర్లక్ష్యం అనే మాటలతో దీనికి జవాబు దొరకదు. డబ్బు ఎటు నుంచి ఎటు పారిందో చూడాలి.

వాలు మీద కట్టిన ట్రాక్

స్టాక్ కార్ అంటే మొదట్లో షోరూములో దొరికే మామూలు కారే. దాన్ని బిగించి, బరువు తగ్గించి, కోడిగుడ్డు ఆకారపు ట్రాక్ మీద పరుగెత్తించేవారు. చుట్టుకొలత మైలు కన్నా తక్కువ ఉన్న ట్రాక్‌ను షార్ట్ ట్రాక్ అంటారు. నార్త్ విల్క్స్‌బరో చుట్టుకొలత 0.625 మైలు, అంటే సుమారు ఒక కిలోమీటరు. ఈనాక్ స్టేలీ మరికొందరు భాగస్వాములతో కలిసి మట్టి ట్రాక్‌గా దీన్ని కట్టించారు. 1947 మేలో మొదటి రేసు జరిగింది. నాస్కార్ సంస్థ ఏర్పాటుకు సమావేశం జరిగింది అదే ఏడాది డిసెంబరులో; అంటే ట్రాక్ వయసు సంస్థ వయసు కంటే కొన్ని నెలలు ఎక్కువ.

నేల చదును చేయడానికి డబ్బు చాలక ఉన్న వాలు మీదే ట్రాక్ వేశారని స్థానికంగా చెప్పుకుంటారు. ఒక వైపు కార్లు పల్లంలోకి దిగుతాయి, రెండో వైపు ఎత్తు ఎక్కుతాయి. డబ్బు లేక మిగిలిపోయిన ఆ వాలే తర్వాత ట్రాక్‌కు గుర్తింపు అయింది.

ఈ కౌంటీ నాటుసారాకు అమెరికా అంతటా పేరుమోసింది. రాత్రిపూట కొండదారుల్లో సారా సీసాలతో పోలీసులకు చిక్కకుండా కారు నడిపినవారే పగలు రేసుల్లో దిగేవారు. వారిలో అందరికంటే పేరు తెచ్చుకున్న జూనియర్ జాన్సన్ ఈ కౌంటీవాడే. జాన్సన్ తన తండ్రి సారా బట్టీ దగ్గర పట్టుబడి దాదాపు ఏడాది జైల్లో ఉన్నారు. 1986లో ఆయనకు అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చారు. నాస్కార్ అగ్రశ్రేణి తొలి సీజన్ 1949లో ఎనిమిది రేసులతో జరిగింది. అందులో చివరి రేసుకు వేదిక నార్త్ విల్క్స్‌బరోయే. అప్పటి నుంచి 1996 దాకా ఇక్కడ 93 కప్ రేసులు జరిగాయి. రిచర్డ్ పెట్టీ ఒక్కరే 15 గెలిచారు.

రేసు పేర్లలో ఊరి వ్యాపార చరిత్ర

నాస్కార్‌లో స్పాన్సర్‌షిప్ మూడు అంచెల్లో ఉంటుంది. మొత్తం సిరీస్‌కు పేరు ఇచ్చే స్పాన్సర్ ఒకరు, ఒక్కో రేసుకు పేరు ఇచ్చేవారు వేరొకరు, కారు మీద రంగులు, పేరు వేయించుకునేవారు ఇంకొకరు. మొదటి డబ్బు నాస్కార్ ద్వారా పంపిణీ అవుతుంది, రెండోది ట్రాక్ యజమానికి చేరుతుంది, మూడోది జట్టుకు పోతుంది. ఈ మూడు సొమ్ములు ఒకే దిక్కున నడిచినంత కాలం చిన్న ట్రాక్‌కు ఇబ్బంది లేదు.

నార్త్ విల్క్స్‌బరోలో చాలాకాలం అలాగే నడిచింది. పక్క పట్టణం విల్క్స్‌బరో కేంద్రంగా పెరిగిన కోళ్ల కంపెనీ హోలీ ఫార్మ్స్, 1963లో జూనియర్ జాన్సన్ నడిపిన తెల్ల షెవ్రొలే కారు మీద తన పేరు వేయించుకుంది. తర్వాతి కాలంలో ఇక్కడి శరత్కాలపు రేసు పేరు కూడా ‘హోలీ ఫార్మ్స్ 400’ అయింది. 1989లో టైసన్ ఫుడ్స్ ఆ కంపెనీని కొనేసింది. రేసు ‘టైసన్ హోలీ ఫార్మ్స్ 400’గా మారింది. వసంతకాలపు రేసుకు మొదట ఈనాక్ తమ్ముడు గ్విన్ స్టేలీ పేరు ఉండేది. 1958లో రిచ్‌మండ్ రేసులో ప్రాణాలు కోల్పోయిన డ్రైవర్ ఆయన. తర్వాత ఈ ఊళ్లోనే ప్రధాన కార్యాలయం ఉన్న నార్త్‌వెస్టర్న్ బ్యాంకు పేరు వచ్చింది. ఆ బ్యాంకును షార్లట్ నగరానికి చెందిన ఫస్ట్ యూనియన్ కలిపేసుకున్నాక రేసు ‘ఫస్ట్ యూనియన్ 400’ అయింది.

ఒక్కసారి ఈ పేర్లను వరుసగా చదివితే విషయం తెలుస్తుంది. చనిపోయిన డ్రైవర్ జ్ఞాపకం పోయి ఊరి బ్యాంకు వచ్చింది, ఊరి బ్యాంకు పోయి నగరపు బ్యాంకు వచ్చింది. ఊరి కోళ్ల కంపెనీ ఆర్కన్సా రాష్ట్రపు కంపెనీలో కలిసింది. నిర్ణయాలు తీసుకునే కుర్చీలు ఒక్కొక్కటిగా ఊరు దాటాయి. రేసు ఇంకా ఇక్కడే జరుగుతోంది కానీ, దానికి డబ్బు ఇచ్చేవారికి ఈ ఊరితో ఉన్న బంధం పలచబడింది.

ఇళ్ల నిర్మాణ సామగ్రి అమ్మే లోవ్స్ కథ మరీ విచిత్రం. ఇప్పుడు బెంగళూరులో కూడా పెద్ద కార్యాలయం ఉన్న ఈ కంపెనీ పుట్టింది నార్త్ విల్క్స్‌బరోలో, ఒక హార్డ్‌వేర్ దుకాణంగా. 1999లో ఒక రేస్ ట్రాక్‌కు తన పేరు పెట్టుకునే హక్కు కొన్నప్పుడు అది ఎంచుకున్నది షార్లట్ ట్రాక్‌ను. దాన్ని పదేళ్లపాటు లోవ్స్ మోటర్ స్పీడ్‌వే అని పిలిచారు. అప్పటికి కంపెనీ సొంత ఊరి ట్రాక్‌లో రేసులు ఆగి మూడేళ్లు. లోవ్స్‌ను తప్పుపట్టడానికి లేదు. షార్లట్‌లో చూసేవారు ఎక్కువ, టీవీలో కనిపించే సమయం ఎక్కువ. కంపెనీ చేసింది వ్యాపారం.

సిగరెట్ డబ్బు గీసిన 250 మైళ్ల గీత

అసలు మలుపు 1971లో వచ్చింది. ఆ ఏడాది జనవరి 2 నుంచి అమెరికా టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు నిషేధం. ఉత్తర కరోలినాకే చెందిన సిగరెట్ కంపెనీ ఆర్.జె. రెనాల్డ్స్ దగ్గర ప్రకటనల సొమ్ము పోగుపడింది, ఖర్చు పెట్టే దారి లేదు. అప్పటికి జట్టు యజమానిగా మారిన జూనియర్ జాన్సన్ తన కారుకు స్పాన్సర్‌షిప్ అడగడానికి వెళ్తే, ఆయన అడిగినదానికంటే ఎంతో పెద్ద మొత్తం ఖర్చు చేయాలని చూస్తున్నామని వారు చెప్పారట. జాన్సన్ వారిని నాస్కార్ అధినేత బిల్ ఫ్రాన్స్ దగ్గరికి పంపారు. అలా ఆ కంపెనీ సిగరెట్ పేరుతో అగ్రశ్రేణికి వచ్చిన పేరే విన్‌స్టన్ కప్.

భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద, 1996 ప్రపంచ కప్ పేరులో విల్స్ కనిపించిన రోజులు గుర్తున్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అయితే విన్‌స్టన్ పేరు పెట్టి ఊరుకోలేదు, ఆట ఆకారాన్నే మార్చింది. తన బహుమతి నిధి 250 మైళ్లు, అంతకు మించిన రేసులకే వర్తిస్తుందని షరతు పెట్టింది. ఆ మరుసటి ఏడాది నాస్కార్ చిన్న రేసులన్నిటినీ కేలండర్ నుంచి తీసేసింది. 1971లో 48 రేసులు జరిగితే 1972లో 31 మాత్రమే మిగిలాయి.

ఈ ఒక్క గీతతో హికరీ, సౌత్ బోస్టన్, గ్రీన్‌విల్-పికెన్స్ వంటి షార్ట్ ట్రాక్‌లు అగ్రశ్రేణి నుంచి తప్పుకున్నాయి. గ్రీన్‌విల్-పికెన్స్‌లో 1971 ఏప్రిల్‌లో జరిగిన వంద మైళ్ల రేసును ఏబీసీ ఛానల్ మొదటి నుంచి చివరి దాకా ప్రత్యక్ష ప్రసారం చేసింది. నాస్కార్‌లో అలాంటి ప్రసారం అదే మొదటిది. టీవీ వారికి ఆ రేసు నచ్చింది కూడా, నిడివి చిన్నది కావడం వల్లే. ఆ నిడివే వచ్చే ఏడాది దాన్ని బయటికి నెట్టింది. విన్‌స్టన్-సేలం నగరంలోని బౌమన్ గ్రే స్టేడియం కూడా పోయింది. ఆ నగరం రెనాల్డ్స్ కంపెనీది. ఆ స్టేడియానికి ఉన్న పేరు అదే కంపెనీ పాత అధినేతది.

నార్త్ విల్క్స్‌బరో మాత్రం మిగిలింది. 0.625 మైలును 400 ల్యాప్‌లతో (చుట్లతో) హెచ్చిస్తే వచ్చేది సరిగ్గా 250. అంగుళం తేడా లేకుండా గీత మీద నిలబడింది. మార్టిన్స్‌విల్, బ్రిస్టల్, రిచ్‌మండ్ కూడా 500 ల్యాప్‌ల రేసులతో గీత దాటాయి. కాబట్టి 1972 మొదటి వడపోతలో ఈ ట్రాక్ నెగ్గినట్టే. కానీ రేసుల సంఖ్య 31కి తగ్గాక ప్రతి తేదీ అరుదైన వస్తువు అయింది. అంతకుముందు కొత్త ట్రాక్ కడితే కొత్త రేసు అడగవచ్చు. ఇప్పుడు కొత్తది రావాలంటే పాతది పోవాలి. ట్రాక్‌కు ప్రమాదం ముంచుకొచ్చింది 1995లో అయినా, బీజం ఇక్కడ పడింది.

కారు మీది పేరుకు ఏ ఊరు కావాలి?

1979లో సీబీఎస్ ఛానల్ పేరుమోసిన డేటోనా 500 రేసును పూర్తిగా ప్రత్యక్ష ప్రసారం చేసింది. 1981 నుంచి ఈఎస్‌పీఎన్ రేసులు చూపించడం మొదలుపెట్టింది. టీవీ వచ్చాక కార్ల మీది పేర్లు మారాయి. అప్పటిదాకా విడిభాగాల కంపెనీలు, స్థానిక వ్యాపారులు కనిపించిన చోట 1980ల్లో బట్టల సబ్బు పొడి, కాఫీ, బీరు, శీతల పానీయాల పేర్లు కనిపించాయి. ఇవి దేశమంతటా అమ్ముడయ్యే సరుకులు. సబ్బు పొడి కంపెనీకి కావలసింది డాలస్, బోస్టన్ వంటి మహానగరాల చుట్టూ ఉన్న లక్షల ఇళ్లు. విల్క్స్ కౌంటీలో ఏడాదికి రెండు రేసులు జరిగితే దానికి ఒరిగేది తక్కువ.

మూడు అంచెల సొమ్ము దారులు విడిపోయింది ఇక్కడే. రేసు స్పాన్సర్ స్థానిక అభిమానిని చూస్తాడు. కారు స్పాన్సర్ మార్కెట్ పటాన్ని చూస్తాడు. సిరీస్ ఆ రెండో పటాన్ని అనుసరిస్తుంది. స్టేలీ టికెట్ ధరలు తక్కువగా ఉంచారు, పెద్ద భవనాలు కట్టలేదు, అప్పు చేయలేదు. అభిమానులకు అది నచ్చింది. కంపెనీల అతిథులను కూర్చోబెట్టే విలాస గదులు లేకపోవడం స్పాన్సర్లకు నచ్చలేదు. 1990ల నాటికి అదే కాలపు కొత్త ట్రాక్‌ల పక్కన ఇది వెనుకబడినట్టు కనిపించింది. నష్టాల్లో లేకపోయినా, నాస్కార్ వెళ్తున్న దిక్కున లేదు.

చెరి సగం కొన్నారు

1995 మేలో ఈనాక్ స్టేలీ మరణించారు. ట్రాక్‌లో సగం వాటా స్టేలీ కుటుంబానిది, మిగతా సగం భాగస్వామి జాక్ కూంబ్స్ కుటుంబానిది. సరిగ్గా ఆ ఏడాదే షార్లట్ ట్రాక్ యజమాని బ్రూటన్ స్మిత్ తన స్పీడ్‌వే మోటర్‌స్పోర్ట్స్ కంపెనీని న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో నమోదు చేశారు. టెక్సస్‌లో లక్షన్నరకు పైగా ప్రేక్షకులు పట్టే బ్రహ్మాండమైన ట్రాక్ కట్టడం ప్రారంభించారు. దానికి రేసు తేదీ మాత్రం లేదు. స్మిత్ కూంబ్స్ కుటుంబం వాటాను కొన్నారు.

స్టేలీ కుటుంబం తమ సగాన్ని స్మిత్‌కు అమ్మడానికి ఇష్టపడలేదు. న్యూ హాంప్‌షైర్ ట్రాక్ యజమాని బాబ్ బార్‌కు అమ్మింది. బార్‌కూ కావలసింది మరొక తేదీయే. ఫలితం ఊహించదగినదే. ఏడాదికి రెండు తేదీలు, ఇద్దరు యజమానులు. 1996 సెప్టెంబరు 29న చివరి రేసు జరిగింది; డ్యూపాంట్ రంగుల కారులో జెఫ్ గోర్డన్ గెలిచారు. 1997లో వసంతకాలపు తేదీ టెక్సస్‌కు, శరత్కాలపు తేదీ న్యూ హాంప్‌షైర్‌కు వెళ్లాయి.

తేదీలు పోయాక ఏ ఒక్కరికీ ట్రాక్ మీద పూర్తి అధికారం లేదు. సగం వాటా ఉన్నవారు రెండో సగం అనుమతి లేకుండా బాగుచేయలేరు, అమ్మలేరు. ఇద్దరికీ దాన్ని నడిపించాల్సిన అవసరం లేదు, వదులుకోవాల్సిన తొందరా లేదు. వారసులు పంచుకున్న ఇల్లు తాళం పడి కూలిపోవడం మన ఊళ్లలోనూ చూస్తూనే ఉంటాం. ఇక్కడ జరిగింది అదే, కాకపోతే ఇల్లు పెద్దది. 2007లో బార్ తన న్యూ హాంప్‌షైర్ ట్రాక్‌ను 34 కోట్ల డాలర్లకు స్మిత్ కంపెనీకి అమ్మడానికి ఒప్పుకున్నారు. దానితోపాటు నార్త్ విల్క్స్‌బరోలోని ఆయన సగమూ ఆ కంపెనీకే చేరింది. 2010లో కొందరు లీజుకు తీసుకుని చిన్న రేసులు నడిపారు, 2011తో అది ఆగిపోయింది. తారు, గోడలు, స్టాండ్లు అన్నీ ఉన్నాయి. తేదీ ఒక్కటే లేదు.

తేదీకి ధర కట్టింది ఎవరు?

చట్టం దృష్టిలో రేసు తేదీ ట్రాక్ యజమాని ఆస్తి కాదు. నాస్కార్ ఏటికేడు ఇచ్చే అనుమతి అది. ఆచరణలో మాత్రం ఒకసారి వచ్చిన తేదీ మరుసటి ఏడాది కూడా వస్తుందన్న నమ్మకం మీదే మొత్తం వ్యాపారం నడిచింది. ఈ రెంటి మధ్య ఉన్న తేడాలోనే ధర పుట్టింది. టెక్సస్‌కు రెండో రేసు ఇవ్వలేదంటూ స్మిత్ కంపెనీ వాటాదారు ఒకరు 2002లో వేసిన దావా 2004లో రాజీతో ముగిసింది. ఆ రాజీ ప్రకారం స్మిత్ కంపెనీ రాకింగ్‌హామ్ ట్రాక్‌ను సుమారు 10 కోట్ల డాలర్లకు కొని, దాని తేదీని టెక్సస్‌కు తీసుకుపోయింది. రాకింగ్‌హామ్ ట్రాక్ ఖాళీగా మిగిలింది. పది కోట్లలో తారు విలువ ఎంత, తేదీ విలువ ఎంత అన్నది విడిగా చెప్పనక్కరలేదు.

ఆ ధరను పెంచింది టీవీ. 2000 దాకా ప్రతి ట్రాక్ తన ప్రసార హక్కులు తానే అమ్ముకునేది. 2001 నుంచి నాస్కార్ అన్నిటినీ కలిపి ఫాక్స్, ఎన్‌బీసీ, టర్నర్ సంస్థలకు అమ్మింది. ఆ ఒప్పందం విలువ 240 కోట్ల డాలర్లని చెప్పారు. అందులో 65 శాతం ట్రాక్‌లకు, 25 శాతం జట్లకు, 10 శాతం నాస్కార్‌కు. కేలండర్‌లో చోటు ఉన్న ట్రాక్‌కు టికెట్లతో నిమిత్తం లేకుండా ఏటా వాటా వస్తుంది. చోటు లేనిదానికి ఏమీ రాదు.

వేదిక ఒకరిది, రేసు మరొకరిది అయినప్పుడు ఏమవుతుందో హైదరాబాద్‌కు తెలుసు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఈ రేసు జరిగింది. 2024 రేసు ఒప్పందం విషయంలో కొత్త ప్రభుత్వానికీ నిర్వాహకులకూ పొత్తు కుదరక రద్దయింది. అక్కడ రోడ్లు మళ్లీ రోడ్లయ్యాయి కాబట్టి పాడుబడిన ఆనవాలు మిగలలేదు. విల్క్స్ కౌంటీకి ఆ వీలు లేకపోయింది.

మిగిలిన షార్ట్ ట్రాక్‌లు ఎలా బతికాయన్నది చూస్తే లెక్క ఇంకా స్పష్టమవుతుంది. బ్రిస్టల్‌ను 1996లో స్మిత్ కొన్నారు. స్టాండ్ల మీద స్టాండ్లు కట్టి లక్షన్నర మంది పట్టేలా చేశారు. రిచ్‌మండ్ 1988లో తన చుట్టుకొలతను అర మైలు నుంచి ముప్పావు మైలుకు పెంచుకుంది. మార్టిన్స్‌విల్ నాస్కార్‌ను నడిపే ఫ్రాన్స్ కుటుంబానికి దగ్గరగా ఉండి, చివరికి ఆ కుటుంబపు కంపెనీ చేతికే వెళ్లింది. అంటే పెద్దది కావాలి, లేదా పెద్దలకు దగ్గర కావాలి. స్టేలీకి బిల్ ఫ్రాన్స్‌తో స్నేహం ఉండేది. అది ఆయనతోనే పోయింది.

లెక్క తిరగబడింది

విన్‌స్టన్ 2003 సీజన్‌తో వైదొలిగింది. 1998లో పొగాకు కంపెనీలు అమెరికా రాష్ట్రాలతో చేసుకున్న ఒప్పందం స్పాన్సర్‌షిప్‌ల మీద పరిమితులు పెట్టింది. తర్వాత నెక్స్‌టెల్, స్ప్రింట్, మాన్‌స్టర్ ఎనర్జీ పేర్లు వచ్చాయి. 2020 నుంచి సిరీస్‌కు ఒకే పేరు పెట్టడం మానేశారు. ఈలోగా స్టాండ్లు ఖాళీ అయ్యాయి. 2010ల్లో చాలా పెద్ద ట్రాక్‌లు సీట్లను పీకేశాయి. మైలున్నర ట్రాక్‌లన్నీ ఒకేలా ఉన్నాయన్న విసుగు అభిమానుల్లో పెరిగింది.

1996లో ట్రాక్ ఆదాయానికి టికెట్టే ప్రధానం కనుక సీట్ల సంఖ్య ముఖ్యం. టీవీ సొమ్ము ముఖ్యమయ్యాక సీట్ల సంఖ్య వెనక్కి పోయి, తెర మీద ఏది బాగుంటుందన్నది ముందుకు వచ్చింది. నిండిన చిన్న స్టాండు, సగం ఖాళీగా ఉన్న పెద్ద స్టాండు కంటే తెర మీద నయం. చిన్న ట్రాక్‌ను ఒకప్పుడు చంపిన టీవీ డబ్బే ఇప్పుడు దానికి అనుకూలంగా మారింది. దీన్ని అభిమానుల విజయమని మాత్రమే చెప్పడం సగం నిజం.

మాజీ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ 2019లో కొందరితో కలిసి కలుపు పీకించి, కంప్యూటర్ రేసింగ్ కోసం ట్రాక్‌ను స్కాన్ చేయించారు. 2021లో ఉత్తర కరోలినా తన బడ్జెట్‌లో కోవిడ్ సహాయ నిధుల నుంచి దీనికి 1.8 కోట్ల డాలర్లు కేటాయించింది. నీరు, మురుగునీటి వసతుల వంటివాటికి ఆ సొమ్ము. ప్రైవేటు కంపెనీ ట్రాక్‌కు ప్రజాధనం ఎందుకన్న ప్రశ్న సహజమే. కౌంటీకి పర్యాటకం వస్తుందన్నది ప్రభుత్వ సమాధానం. 2022లో చిన్న రేసులతో తెరిచారు. 2023 మేలో పాయింట్లు లేని ఆల్‌స్టార్ రేసు వచ్చింది, కైల్ లార్సన్ గెలిచారు. అంతకుముందు ఆ రేసు టెక్సస్‌లో జరిగేది. 1997లో ఇక్కడి నుంచి తేదీ ఎగరేసుకుపోయిన ట్రాక్ అదే, యజమానీ అదే కంపెనీ. అదే వారాంతంలో జరిగిన నాస్కార్ పికప్ ట్రక్కుల రేసు పేరు ‘టైసన్ 250’. కోళ్ల కంపెనీ తిరిగివచ్చింది. 2025లో ఆ ట్రక్కుల రేసుకు పేరిచ్చింది ఈ ఊళ్లోనే పుట్టిన కిటికీల కంపెనీ విండో వరల్డ్.

ఇక 2026 పాయింట్ల రేసు ఎక్కడి నుంచి వచ్చిందన్నది చూడాలి. కొత్త తేదీ పుట్టలేదు. డెలవేర్ రాష్ట్రంలోని డోవర్ ట్రాక్‌లో 1969 నుంచి ఏటా కనీసం ఒక పాయింట్ల రేసు జరుగుతూ వచ్చింది. డోవర్‌ను స్పీడ్‌వే మోటర్‌స్పోర్ట్స్ 2021 చివర్లో కొన్నది. 2026 కేలండర్‌లో డోవర్‌కు ఆల్‌స్టార్ రేసు ఇచ్చి, పాయింట్ల రేసును నార్త్ విల్క్స్‌బరోకు మార్చారు.